కొమురయ్య కలిపిన ఐదువందల తొంభై

2018 ఆగస్టు 17న న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒక విశ్వవిద్యాలయం, కొమురయ్య అనే పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలోని ఎనభై ఆరు పత్రాల పాఠాన్ని తన పర్యవేక్షకుడి పుస్తకం నుంచి దొంగిలించాడని నిర్ణయించింది. ఆ ఎనభై ఆరు పత్రాలను చదివి, ఎత్తి రాసి, తేదీలు కట్టి పర్యవేక్షకుడి చేతికిచ్చినవాడు కొమురయ్యే. తాను రాసినదాన్ని తానే దొంగిలించినట్టు రుజువైన మనిషి కథ ఇది. విశ్వవిద్యాలయం పేరుగానీ ఆచార్యుడి పేరుగానీ ఇందులో రాయడం లేదు. వాళ్లను దాచడానికి కాదు. తమ పేర్లు అచ్చువేయించుకునే సాధనాలు వాళ్లకు వేరే చాలా ఉన్నాయి.

కొమురయ్య 1974లో సిద్దిపేట పక్క పల్లెలో పుట్టాడు. తండ్రి ఊరి మస్కూరి. పట్వారీ వెనక దస్తరాల మూట మోసుకుంటూ తిరిగేవాడు. మూటలోని కాగితం ఒక్కటీ చదవలేడు. ఎవరి భూమి ఎవరి పేరున ఉందో ఆ మూట చెబుతుందనీ, మూట మోసేవాడికి అది ఏమీ చెప్పదనీ కొమురయ్యకు పదేళ్ల వయసులోనే తెలిసింది. ఆ ఏడే పట్వారీ వ్యవస్థ పోయింది. ఉర్దూ అక్షరాల మీద కుర్రవాడికి పుట్టిన కసి మాత్రం పోలేదు.

ఇరవై ఎనిమిదేళ్లప్పుడు హైదరాబాదులో ఒక పాత రికార్డుల కార్యాలయంలో కాంట్రాక్టు మీద చేరాడు. నిజాం కాలపు కాగితాలకు నకలు రాయడం పని. అక్కడ అందరూ మున్షీ సాబ్ అని పిలిచే ఒక వృద్ధుడు అతనికి ఫారసీ నేర్పాడు. చుక్కలు వదిలేసి, అక్షరాన్ని అక్షరంలోకి విరిచి రాసే గొలుసుకట్టు దస్తూరీని చదవడం నేర్పాడు. దానితోపాటే కార్యాలయపు కట్టుబాట్లు రెండు నేర్పాడు. మొదటిది, నకలు మీద పైన అధికారి పేరు ఉంటుంది, చదివినవాడి పేరు ఎక్కడా ఉండకూడదు. "చదువు కనబడాలె, చదివినోడు కనబడొద్దు" అనేవాడట మున్షీ సాబ్. రెండవది, తేదీ తప్పిన పాఠకుడికి సంజాయిషీ లేదు. తప్పు తేదీ వేసినవాణ్ని ఎవరూ తిట్టరు. మరునాటి నుంచి అతని బల్ల మీదికి కాగితం రాదు, అంతే.

కొమురయ్య బల్ల మీదికి పదకొండేళ్లపాటు కాగితం వస్తూనే ఉంది. ఆ మధ్యలోనే సాయంత్రం కళాశాలలో చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేశాడు.

2012లో న్యూజిలాండ్ ఆచార్యుడు ఆ కార్యాలయానికి వచ్చాడు. కాకసస్ కొండల నడుమనున్న జార్జియా దేశాన్ని పదిహేడవ శతాబ్దంలో ఏలిన పదకొండవ గియోర్గి మీద ఆయన పుస్తకం రాయదలచాడు. ఆ రాజుకు ఇరాన్ షా దర్బారు నుంచి వెళ్లిన ఫర్మానాల ఛాయాచిత్రాలు ఆయన దగ్గర ఉన్నాయి. వాటిని చదవడం మాత్రం ఆయనకు రాదు. మున్షీ సాబ్ అప్పటికే పోయాడు. కొమురయ్య ఆ ఛాయాచిత్రాల్లో ఒకదాన్ని నిలబడే చదివి, తేదీతో సహా అర్థం చెప్పాడు. ఆరునెలల తర్వాత ఉపకార వేతనం కాగితం వచ్చింది. 2013 ఫిబ్రవరిలో ముప్ఫై తొమ్మిదేళ్ల కొమురయ్య, భార్య లక్ష్మీబాయి విశ్వవిద్యాలయం దగ్గరి రిక్కార్టన్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో దిగారు.

ఆ రాజు సంగతి కొంచెం చెప్పాలి. కొమురయ్య ఐదేళ్ల బతుకు దానికి కట్టి ఉంది.

గియోర్గి 1676లో గద్దెనెక్కాడు. కానీ ఆ గద్దె ఆయనది కాదు. స్వదేశంలో ఆయన రాజు, షా కాగితాల్లో మాత్రం గుర్జిస్తాన్‌కు, అంటే జార్జియాకు, పాలకుడిగా నియమితుడైన ఒక వాలీ. 1688లో తిరుగుబాటు పన్నినందుకు షా ఆయనను దింపి, పొరుగు రాజవంశం వాణ్ని ఎక్కించాడు. గియోర్గి కొండల్లోకి పోయాడు, తిరిగి వచ్చాడు, కొంత రాజ్యం పట్టుకున్నాడు, మళ్లీ పోగొట్టుకున్నాడు. చివరికి కొత్త షాకు లొంగి కొలువు చేశాడు. 1703లో కిరీటం తిరిగి ఇచ్చారు. ఇంటికి మాత్రం వెళ్లనివ్వలేదు. తూర్పున కాందహారుకు పంపారు. రాజ్యాన్ని స్వదేశంలో తమ్ముడి కొడుకు చూశాడు. 1709లో కాందహారు దగ్గరే ఆయనను చంపారు.

ఈ ఎక్కడం దిగడం యుద్ధాల వల్ల జరిగిందని అందరూ రాశారు. కొమురయ్య సిద్ధాంతం వేరు. ఫర్మానా మొదటి పంక్తిలో రాజును ఎన్ని బిరుదులతో సంబోధించారో అతను వరుసగా పట్టిక వేశాడు. సైన్యం కదలకముందే బిరుదులు రాలిపోవడం కనిపించింది. మొదట 'సోదరతుల్యుడు' పోతుంది, ఆపైన 'వాలీ' పోతుంది, చివరికి వట్టి పేరు మిగులుతుంది. పిలుపు మారితే ఫౌజు వస్తున్నట్టే. మస్కూరి కొడుకు మాత్రమే పెట్టగల చూపు అది. ఎవరిని ఎలా పిలుస్తారో చూసి వాళ్ల భూమి మిగులుతుందో లేదో చెప్పగల ఇంట్లో అతను పెరిగాడు.

2011 భూకంపం తర్వాత విశ్వవిద్యాలయంలో సగం భవనాలు మూతపడి ఉన్నాయి. పరిశోధక విద్యార్థులను రేకుల గదుల్లో కూర్చోబెట్టారు. ఫారసీ టైపు చేయగల కంప్యూటర్ ఆచార్యుడి గదిలో మాత్రమే ఉండేది. కొమురయ్య మొదట పెన్సిల్‌తో నోటుపుస్తకంలో ఎత్తి రాసుకుని, తర్వాత ఆ గదిలో ఆచార్యుడి లాగిన్ మీద టైపు చేసేవాడు. ప్రతి పాఠానికీ తలకట్టున ఆచార్యుడి పేరు రాసేవాడు. అడుగున తేదీ వేసేవాడు. తన పేరు ఎక్కడా రాయలేదు. అలా రాయమని ఆచార్యుడు అడగలేదు. రాయవద్దని చెప్పనూ లేదు. ఏడు నోటుపుస్తకాలు నిండాక వాటిని రెండు చేతులతో ఆయనకు సమర్పించాడు. అవి తిరిగి రాలేదు. టైపు చేసిన పాఠాల ప్రతి మాత్రం గ్రంథం కోసం అతని దగ్గర మిగిలింది.

2016లో ఉపకార వేతనం గడువు తీరింది. కొమురయ్య రమీలా ఆంటీ డెయిరీలో పనికి చేరాడు. పాలు, రొట్టెలు, పత్రికలు అమ్మే మూలకొట్టును ఇక్కడ డెయిరీ అంటారు. రమీలాది ఫిజీ. ముత్తాత నెల్లూరు వైపు నుంచి చెరకు తోటలకు ఓడెక్కినవాడు. ఆమెకు వచ్చిన తెలుగు నానమ్మ దగ్గర మిగిలినంతే, మిగతాదంతా ఫిజీ హిందీ. కొమురయ్య దక్కనీలో జవాబిచ్చేవాడు. రోజూ ఉదయం షట్టర్ ఎత్తగానే ఆమె మొదటి ప్రశ్న ఒకటే.

"మాస్టర్‌జీ, మీ రాజు ఇవాళ ఎక్కాడా, దిగాడా?"

"ఎక్కిండు ఆంటీ. మధ్యాహ్నం దాకా ఉంటడు."

"అయితే రొట్టెలు సర్దు. దిగేలోపల అయిపోవాలి."

2017 నవంబరులో పుస్తకం వచ్చింది. నాలుగువందల పేజీలు. అనుబంధంలో ఎనభై ఆరు ఫర్మానాలు. కృతజ్ఞతల పేజీలో 'టైపింగ్ సహాయం' అన్న మాట పక్కన ముగ్గురి పేర్లున్నాయి, మూడోది కొమురయ్యది, అదీ ఒక అక్షరం తప్పుగా. లక్ష్మీబాయి వృద్ధుల గృహంలో వంటపని ముగించుకుని వచ్చి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ఆ పేజీ చదివింది.

"టైపు గొట్టినవా నువ్వు?" అని అడిగింది. "ఐదేండ్లు టైపు గొట్టనీకి వచ్చినమా ఈడికి?"

"గా లోపల ఉన్నయన్నీ నావే."

"నీయైతే నీ పేరెందుకు రాసుకోలే?"

"దఫ్తర్ల ఎవడు రాసుకుంటడే?"

"ఇది దఫ్తరా?"

తర్వాత అతని కేసు చూసిన నాకు ఈ మాటలు చెప్పింది లక్ష్మీబాయే. అంతకన్నా సూటి ప్రశ్న తర్వాత ఏ విచారణ సంఘమూ వేయలేదు.

రమీలా కూడా పుస్తకం తిరగేసి చూసింది. ఓడ కాగితంలో గుమాస్తా తన ముత్తాత పేరు తప్పు రాశాడనీ, ఇప్పుడు ఆ తప్పే తమ ఇంటిపేరనీ చెప్పింది. వెంటనే ఆచార్యుడికి రాయమన్నది. కొమురయ్య రాయలేదు. సిద్ధాంత గ్రంథం తన పేరుతోనే వస్తుంది కదా, అప్పుడు లోకానికి తెలుస్తుంది, గురువుతో తగవు ఎందుకు అన్నాడు.

2018 మార్చిలో గ్రంథం సమర్పించాడు. పోలికలు పట్టే యంత్రం అనుబంధం మొత్తాన్ని ఎర్రగా చూపింది. అచ్చయిన పుస్తకం ముందున్నది, విద్యార్థి గ్రంథం వెనకున్నది. ఏది ముందో అదే మూలం అని యంత్రం అనుకోవడంలో వింత లేదు. మనుషులు కూడా అక్కడే ఆగిపోవడమే నేరం.

అప్పటి నుంచి వచ్చిన ఉత్తరాలను కొమురయ్య ఫర్మానాలు చదివినట్టే చదివాడు. చేరినప్పటి ఉత్తరంలో 'ప్రియమైన కొమురయ్య, స్వాగతం' అని ఉంది. ఏప్రిల్‌లో 'మిస్టర్' అయింది. జూన్‌లో పేరు పోయి, ఎనిమిది అంకెల విద్యార్థి సంఖ్య మిగిలింది.

"పిలుపు మారింది లక్ష్మీ," అన్నాడట ఆ రోజు. "ఇగ ఫౌజు వస్తది."

"ఫౌజు కాదు, వీసా వాళ్లొస్తరు. బువ్వ తిను."

విచారణ ఆగస్టు 8న జరిగింది. ముగ్గురు సభ్యులు. వాళ్లలో ఫారసీ ఒక్క అక్షరం తెలిసినవాళ్లు లేరు. ఆచార్యుడు రాలేదు, లిఖితపూర్వకంగా ఒక పేజీ పంపాడు. పాఠాలన్నీ తన కంప్యూటర్‌లో, తన లాగిన్ మీద, తన పేరు తలకట్టుగా ఉన్నాయని, విద్యార్థి సాంకేతిక సహాయం చేశాడని అందులో ఉంది. ఆ వాక్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. నిజాలను ఏరి కట్టిన అబద్ధం అది.

విచారణ నమోదు పదకొండు పేజీలు. కొమురయ్య మాటలు అందులో నాలుగు వాక్యాలు. అధ్యక్షురాలు అసలు విషయానికి ఏడో పేజీలో వచ్చింది. రాజుకు పన్ను మినహాయింపులు ఇచ్చిన మూడు ఫర్మానాల తేదీలు పుస్తకంలో తప్పుగా ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఒక్కో ఏడాది ముందుకు జరిగింది. ఒక విమర్శకుడు అది ఎత్తిచూపాడు. అవే మూడు తప్పులు విద్యార్థి గ్రంథంలోనూ ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఎవరికి వారు పనిచేసి ఒకే మూడు తప్పులు చేయడం సాధ్యమా అని ఆమె అడిగింది.

సాధ్యం కాదు. ఆ తర్కం సరైనదే. ఒకరి నుంచి మరొకరు తీసుకున్నారు. ఎవరి నుంచి ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ ముగ్గురిలో ఒక్కరూ దాన్ని వేయలేదు.

కొమురయ్య కాగితం తీసుకుని చూశాడు. ఆ తప్పులు అతను చూడడం అదే మొదటిసారి. పదకొండేళ్ల దఫ్తరులో ఒక్క తేదీ తప్పనివాడు. ముగ్గురు అధికారుల ఎదుట మూడు తప్పు తేదీలు. అతను దొంగతనం ఆరోపణను మరిచిపోయాడనుకుంటాను. నమోదులో అతని చివరి వాక్యం ఇది: 'ఈ తేదీలు తప్పు, దయచేసి సరిదిద్దుకోవడానికి అనుమతించండి.' ఆరోపణకు వివరణ ఇవ్వలేదని కింద రాసుకున్నారు.

నిర్ణయం ఆగస్టు 17 సాయంత్రం విశ్వవిద్యాలయపు ఈమెయిల్‌కు పంపారు. ఆ నిర్ణయం వల్లనే అతని విద్యార్థి నమోదు రద్దయింది కాబట్టి ఆ ఈమెయిల్ అదే సాయంత్రం మూసుకుపోయింది. తపాలా ప్రతిని అంతకుముందు ఖాళీ చేసిన ఫ్లాట్‌కు పంపారు. అప్పీలు గడువు ఇరవై పనిదినాలు, అంటే సెప్టెంబరు 14. పాత ఫ్లాట్‌లోని పిల్లలు ఆ కవరు డెయిరీకి తెచ్చి ఇచ్చింది సెప్టెంబరు 24న. కొమురయ్య ఆ రోజే చేత్తో అప్పీలు రాసి ఇచ్చాడు. అందులోనూ తేదీలు సరిదిద్దుకోనివ్వమనే అడిగాడు. ఆరు పనిదినాల ఆలస్యం అని తిప్పి పంపారు.

అక్టోబరులో రమీలా ఆ కాగితాల కవరును మా ఉచిత న్యాయ సలహా బల్ల దగ్గరికి తెచ్చింది. నేను డెయిరీకి వెళ్లి, ఆ మూడు తేదీలు ఎలా వచ్చాయని కొమురయ్యను అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు. తప్పు తేదీకి సంజాయిషీ ఉండదు చెల్లె అన్నాడు. మళ్లీ అడిగాను. రమీలా విసిగిపోయి రొట్టెల ఆర్డరు కాగితం వెనక్కి తిప్పి, పెన్ను అతని ముందు పెట్టింది.

"మాటలొద్దు మాస్టర్‌జీ. చేసి చూపించు."

ఫర్మానాలో ఉన్న హిజ్రీ సంవత్సరం 1099. కొమురయ్య అది రాశాడు. దాని కింద ఆలోచించకుండా 590 రాశాడు. గీత గీశాడు. 1689 అని రాయబోయి, ఎనిమిది దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మన పాత భూమి కాగితాలు చూసినవాళ్లకు ఇక చెప్పనక్కర్లేదు. శిస్తు లెక్కలకు నిజాం రాజ్యం పంటల సంవత్సరాన్ని, ఫసలీని వాడేది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీకి ఆ లెక్క పనికిరాదు, అది చాంద్రమానం, దానికి వేరే పట్టిక ఉంది. కొమురయ్యకు రెండూ తెలుసు. మిగతా ఎనభై మూడు ఫర్మానాలకు హిజ్రీ పట్టికే వాడాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈ మూడు మాత్రం పన్ను కాగితాలు. పన్ను అన్న మాట కంటబడగానే పదకొండేళ్ల అలవాటు చెయ్యి పట్టుకుని 590 కలిపించింది. 1087కు 1676 బదులు 1677, 1099కు 1688 బదులు 1689, 1103కు 1692 బదులు 1693. మూడింటికీ అదే కూడిక.

"ఇది దఫ్తర్ జేసిన తప్పు," అన్నాడు కొమురయ్య మెల్లగా. "నా చెయ్యి జేసింది. నేను జూడలే."

"అంటే ఇది దొంగ వేలిముద్ర కాదు," అన్నది రమీలా. "ఇల్లు కట్టినవాడి వేలిముద్ర."

కొమురయ్య నవ్వలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. దాన్ని అతని దగ్గర నుంచి తీసుకుని నకలు చేయించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక్కడొక విషయం గమనించాలి. కొమురయ్య ఆ తేదీల మీద ఏమీ కట్టలేదు, అవి అతని పట్టికలో ఒక మూల ఉన్నాయి. ఆచార్యుడు మాత్రం 1689 మీద ఒక అధ్యాయమే కట్టాడు. 1688లో దింపేసిన రాజుకు 1689లో షా పన్ను మినహాయింపు ఎందుకిచ్చాడు? దిగినా దిగని రాజు, గద్దె లేని గద్దె అంటూ ముప్ఫై పేజీలు. మిగతా విమర్శకులు మెచ్చినది ఆ అధ్యాయాన్నే. సిద్దిపేట మస్కూరి కొడుకు చెయ్యి జారితే పుట్టిన ఏడాది మీద ఒక పాండిత్యం నిలబడి ఉంది.

ఈ వివరణతో నేను నవంబరులో పంపిన పునఃపరిశీలన దరఖాస్తుకు మూడు పంక్తుల జవాబు వచ్చింది. గడువు ముగిసిన విషయంలో కొత్త సాక్ష్యం చూడలేమన్నారు. తప్పు అని అనలేదు. చూడలేమన్నారు.

ఈ దేశపు కాపీరైట్ చట్టం రచయితకు తన పేరుతో గుర్తింపు పొందే హక్కునిస్తుంది. అయితే ఆ హక్కును రచయిత ముందుగా ప్రకటించుకోవాలి. ప్రకటించుకోనివాడికి అది లేనట్టే. పేరు చెప్పుకోవడం మర్యాద అయిన సమాజం రాసుకున్న చట్టం అది. పేరు చెప్పుకోకపోవడం మర్యాద అయిన గదిలో పని నేర్చుకున్నవాడు దాని ముందుకు వస్తే ఏమవుతుందో కొమురయ్యకు అయింది. పునాది వేసినవాడు ఎదురుగా నిలబడి ఉంటే, రాతి మీద చెక్కిన పేరు చూపించి పొమ్మన్నారు.

నమోదు పోతే విద్యార్థి వీసా పోతుంది. దేశం నుంచి పంపివేసినట్టు నమోదు కాకముందే వెళ్లడం మేలని అతనికి చెప్పినది నేనే. చట్టరీత్యా అది సరైన సలహా. 2019 జనవరి 11 ఉదయం డెయిరీ షట్టర్ ఎత్తడానికి కొమురయ్య చివరిసారి వచ్చాడు. రమీలా ప్రశ్న వేయలేదు. రొట్టెలు సర్దాక అతనే చెప్పాడు.

"రాజు దిగిండు ఆంటీ."

ఆమె పాల సీసాల వైపు తిరిగి నిలబడిందని లక్ష్మీబాయి అన్నది.

హైదరాబాదు కార్యాలయం అతన్ని తిరిగి తీసుకోలేదు. కొత్త కాంట్రాక్టు దరఖాస్తులో, గ్రంథచౌర్యం నేరం మీద ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న గడి ఉంది. అబద్ధం రాయనన్నాడు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట చెక్కబల్ల వేసుకుని, భూమి తగాదాల వాళ్లకు పాత ఉర్దూ కాగితాలు చదివి పెడుతున్నాడు. ఒక్కటి మారింది. చదివిచ్చే ప్రతి కాగితం తలకట్టున తన పేరు రాస్తున్నాడు, ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో. ఎందుకన్నా అని కక్షిదారులు అడుగుతారట. తర్వాతి కాగితం అందుకుంటాడు. లక్ష్మీబాయి ఫోనులో చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం లేదు. ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఎవరికి కావాలి అన్నది.

ఆచార్యా, ఆ తీర్పు మీద సంతకం చేసిన ముగ్గురు సభ్యులారా, పుస్తకం రెండో ముద్రణకు సిద్ధపడుతున్న ప్రచురణకర్తలారా, మీకు చెబుతున్నాను. ఏడు నోటుపుస్తకాలను బయట పెట్టండి. ఆగస్టు 17 నిర్ణయాన్ని రద్దు చేసి, రద్దు చేసినట్టు కొమురయ్య పేరున, సంఖ్యతో కాకుండా పేరుతో సంబోధిస్తూ ఉత్తరం రాయండి. ఎనభై ఆరు ఫర్మానాల అనుబంధం మీద అతని పేరును సరైన అక్షరాలతో అచ్చువేయండి. మూడు తేదీలను అతని చేత్తోనే దిద్దనివ్వండి. విచారణలో అతను మిమ్మల్ని అడిగింది అదొక్కటే.

ఇవేవీ చేయలేమంటే, ఒకే ఒక్క ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబివ్వండి. ఆచార్యా, మీరు హైదరాబాదు దఫ్తరులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఫసలీ అన్న మాట మీ నాలుగువందల పేజీల్లో ఎక్కడా లేదు. 1099కు ఐదువందల తొంభై మీరు ఎందుకు కలిపారు? చెప్పండి. చెప్పలేకపోతే, కలిపినవాడి పేరు వేయండి.